బోర్డు: బల్లచెక్క నుంచి పాలకమండలి దాకా ఒక ఆంగ్లపదం అర్థచరిత్ర

వ్యాససంగ్రహం

ఆంగ్లంలో అతిసామాన్యమైన ‘బోర్డు’ అనే పదం చెక్కపలక, డాలు, ఓడ పక్కభాగం, భోజనం, పాలకవర్గం, ప్రకటన ఫలకం మొదలైన అనేకార్థాలలో వాడబడింది. ఈ అర్థాలు ఏ చారిత్రక సందర్భాలలో ఒకదాని నుంచి మరొకటి పుట్టాయో పరిశీలించడం, వాటిలో కొన్ని మాత్రమే తెలుగులోకి ఎందుకు వచ్చాయో, వచ్చాక తెలుగు వాటిని ఏ దిశగా నడిపించిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆదానపదాల అర్థక్రమాన్ని దాతభాష చరిత్రను బట్టి కాక గ్రహీతభాష చరిత్రను బట్టి నిర్ణయించాలని ఇందులో ప్రతిపాదించడమైంది.

కీలకపదాలు: అర్థవిపరిణామం, లక్షణ, ఆదానపదాలు, స్థానిక పాలన, రెవెన్యూ బోర్డు, నిఘంటు నిర్మాణం

1. ఉపోద్ఘాతం

ఆంగ్లంలో అత్యధిక అర్థాలు గల పదమేది అన్న ప్రశ్నకు సాధారణంగా ‘సెట్’, ‘రన్’ అనే రెండు క్రియలను చెబుతారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో వీటి అర్థభేదాలు వందల్లో ఉంటాయి. సంఖ్యను బట్టి చూస్తే ‘బోర్డు’ వీటి దరిదాపులకు కూడా రాదు. కాని ఒక సమాజం ఎక్కడ కూర్చుంది, ఎలా తిన్నది, ఎవరి చేత పాలింపబడింది అన్న విషయాలు ఒక పదంలో పొరలు పొరలుగా ఎలా పేరుకుంటాయో తెలుసుకోవడానికి ఈ చిన్న నామవాచకం ఇచ్చినంత ఆధారం ఆ పెద్ద క్రియలు ఇవ్వవు. పైగా ఇది పుస్తకాల ద్వారానో పట్టణాల ద్వారానో మాత్రమే మనకు పరిచయమైన పదం కాదు. శిస్తు వసూలు వెంట, బడి వెంట, రోడ్డు వెంట పల్లెల దాకా నడిచి వచ్చిన పదం.

నేటి తెలుగు దినపత్రికలో ఇంటర్ బోర్డు ఫలితాలు, వక్ఫ్ బోర్డు భూములు, దుకాణాలకు తెలుగు బోర్డులు పెట్టాలన్న డిమాండు, రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన సంస్థ, హౌస్‌ఫుల్ బోర్డులు పడిన సినిమా ఒకే సంచికలో కనిపించవచ్చు. పాఠకుడు ఎక్కడా తడబడడు. పరీక్షలు నిర్వహించే వ్యవస్థకూ, దుకాణం నెత్తిన వేలాడే రేకుకూ ఒకే పేరెందుకు ఉన్నదన్న ప్రశ్న కూడా అతనికి కలగదు. భాషాచరిత్రకారునికి మాత్రం అది కలగక తప్పదు.

ఒక వస్తువు పేరు దానిపై ఉన్న మనుషులకు చెల్లడం మన శాస్త్రాలకు కొత్త కాదు. ‘మంచెలు కేకలు వేస్తున్నాయి’ అంటే మంచెలపై ఉన్న మనుషులు కేకలు వేస్తున్నారని గ్రహించాలన్నది న్యాయశాస్త్ర వ్యాఖ్యానాలలోనూ, ఆలంకారికుల చర్చలలోనూ ప్రసిద్ధమైన ఉదాహరణ. గౌతముని న్యాయసూత్రాలు ఇటువంటి వాడుకకు కారణాలను చెబుతూ స్థానాన్ని కూడా పేర్కొన్నాయి. ‘బోర్డు నిర్ణయించింది’ అన్న వాక్యం సరిగ్గా ఈ కోవకే చెందుతుంది. అయితే లక్షణ ఎలా పనిచేస్తుందో శాస్త్రం చెబుతుంది గాని, ఏ వస్తువు ఏ సమాజంలో లక్షణకు ఆధారమవుతుందో చెప్పదు. దానికి చరిత్రను ఆశ్రయించవలసిందే.

2. పలక, డాలు, ఓడ

ప్రాచీన ఆంగ్లంలో ఈ పదం రూపం ‘బోర్డ్’. దీనిలో నిజానికి రెండు పూర్వ జర్మానిక్ పదాలు కలిసిపోయాయని చరిత్రకారుల అభిప్రాయం. ఒకటి చెక్కపలకను తెలిపేది, రెండవది అంచును, ముఖ్యంగా ఓడ అంచును తెలిపేది. ఓడ పక్కలు పలకలతోనే కట్టేవారు గనుక ఈ రెండూ ఒకటైపోవడం సహజం. రెండవ అర్థం నేటికీ ‘ఆన్ బోర్డ్’, ‘ఓవర్‌బోర్డ్’ వంటి మాటలలో మిగిలి ఉన్నది. ఓడ కుడివైపును ‘స్టార్‌బోర్డ్’ అనడంలో నక్షత్రాల ప్రసక్తి ఏమీ లేదు. పూర్వం ఓడను మళ్ళించే తెడ్డు కుడిపక్కన ఉండేది గనుక అది ‘తిప్పే పక్క’ అయింది. ఎడమవైపుకు ‘లార్‌బోర్డ్’ అనే పేరుండేది. తుపానులో కేక వేసి చెబితే ఈ రెండు మాటలూ ఒకేలా వినిపించే ప్రమాదం ఉన్నందున 1844లో బ్రిటిష్ నౌకాదళం ఎడమవైపుకు ‘పోర్ట్’ అనే పేరును ఖాయం చేసింది. ఉచ్చారణ సామ్యం వల్ల ఒక పదం అధికారికంగా తొలగిపోయిన అరుదైన సందర్భమిది.

ప్రాచీన ఆంగ్ల వీరకవిత్వంలో ‘బోర్డ్’కు డాలు అన్న అర్థం కూడా ఉంది. అప్పటి డాళ్ళు చెక్కతో చేసినవి కావడమే దీనికి కారణం. ఇక్కడ మన సంస్కృత ‘ఫలక’ శబ్దాన్ని తలచుకోకుండా ఉండలేము. ఫలకమంటే పలక, రాతకూ చిత్రలేఖనానికీ ఆధారమైన బల్ల, పాచికలాడే బల్ల. అమరకోశం క్షత్రియవర్గంలో డాలు పేర్లలో కూడా ఫలకం ఉంది. పరస్పర సంబంధం లేని రెండు పదాలు రెండు భాషలలో పలక, డాలు, ఆటబల్ల అనే మూడు అర్థాలకూ విస్తరించాయి. దీన్ని ఆదానంగా భావించవలసిన అవసరం లేదు. వస్తువు ఒకటే కావడం వల్ల దారి కూడా ఒకటే అయింది. ఫలకం నుంచి వచ్చిన మన ‘పలక’ బలపంతో జతకట్టి బడిపిల్లవాని చేతిలో స్థిరపడగా, తత్సమ రూపం శిలాఫలకంగా నాయకుల పేర్లు మోస్తున్నది. తత్సమ తద్భవాలు పనిని ఇలా పంచుకోవడం తెలుగులో తరచు కనిపించేదే.

3. బల్ల చుట్టూ కూర్చున్న సమాజం

మధ్యయుగపు ఆంగ్ల గృహంలో భోజనపు బల్ల అంటే నేడు మనం ఊహించే స్థిరమైన సామాను కాదు. భోజన సమయంలో కాళ్ళపై పలకలు పరిచేవారు, ముగిశాక ఎత్తి గోడకు చేర్చేవారు. కనుక భోజనపు బల్లను పలక అనడంలో అతిశయోక్తి ఏదీ లేదు. నార్మన్ విజయం తరువాత ఫ్రెంచి నుంచి ‘టేబుల్’ అనే పదం బలంగా ప్రవేశించి, సామాను అన్న అర్థాన్ని క్రమంగా ఆక్రమించింది. దీనికి మూలమైన లాటిన్ ‘తబుల’కు కూడా పలక అనే అర్థం. అసలు అర్థాన్ని కొత్తగా వచ్చిన పదానికి అప్పగించిన ‘బోర్డు’ నశించి ఉండవచ్చు. అలా జరగలేదు. బల్లపై ఉన్నదానికీ, బల్ల చుట్టూ ఉన్నవారికీ అది పేరైంది. ‘బోర్డు’ చరిత్రలో కీలకమైన మలుపు ఇదేనని నా అభిప్రాయం.

బల్లపై ఉన్నది భోజనం. దీని నుంచే డబ్బు చెల్లించి ఒకరి ఇంట తినేవాడు ‘బోర్డర్’, అతనికి తిండి, పడక దొరికే చోటు ‘బోర్డింగ్ హౌస్’ అయ్యాయి. దాంపత్యానికి కూడా ‘పడక, బల్ల’ అనే జంట గుర్తుగా నిలిచింది. 1857 వరకు ఇంగ్లండులో మతన్యాయస్థానాలు ఇచ్చే ఎడబాటును పడక నుంచి, బల్ల నుంచి వేరుచేయడం అనే అర్థంలోనే వ్యవహరించేవారు. తెలుగువాడు ఇదే సందర్భంలో ‘వేరుకుంపటి’ అంటాడు. కాపురానికి ఆంగ్లేయుడు బల్లను, మనం పొయ్యిని గుర్తు చేసుకున్నాం.

బల్ల చుట్టూ ఉన్నవారు సభ్యులు. పదహారవ శతాబ్దిలో ఆలోచనసభకు ‘బోర్డు’ అనడం కనిపిస్తుంది. ఆంగ్లేయ రాజగృహపు లెక్కలు చూసే అధికారులకు ‘ఆకుపచ్చ బట్ట బోర్డు’ అని పేరుండేది. వారు కూర్చునే బల్లపై ఆ రంగు బట్ట పరచి ఉండేది. ఖజానాను తెలిపే ‘ఎక్స్‌చెకర్’ కూడా లెక్కలు పేర్చే గళ్ళబట్ట నుంచే పుట్టింది. ‘బ్యూరో’ మూలం ముతక బట్ట. అది దాన్ని పరచిన బల్లకు, ఆ బల్ల ఉన్న కార్యాలయానికి పేరైంది. ‘బ్యాంకు’ మూలం బెంచీ. ‘కేబినెట్’ చిన్న గది. పశ్చిమ ఐరోపా పాలనా వ్యవస్థల పేర్లన్నీ ఒక చోట చేర్చితే సామాను దుకాణం జాబితాలా ఉంటుందనడం పరిహాసమే గాని అబద్ధం కాదు.

ఈ రెండు అర్థాలు, అంటే తిండి, పాలకవర్గం, ఒకదానికొకటి ఎదురుపడిన చోటు పందొమ్మిదవ శతాబ్ది ఇంగ్లండు. 1834లో వచ్చిన పేదల చట్టం ప్రకారం అనాథలను, నిరుపేదలను పనిశాలలలో ఉంచి పోషించే బాధ్యతను ‘సంరక్షకుల బోర్డు’లకు అప్పగించారు. ఆ తరువాత మూడేళ్ళకు చార్లెస్ డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ను ధారావాహికగా ప్రారంభించాడు. అందులో పసివాడైన ఆలివర్‌ను బోర్డు ముందుకు రమ్మంటారు. బోర్డు అంటే ఏమిటో, అది మనుషులను ఎలా పిలవగలదో వానికి తెలియదు. తీసుకువెళ్ళి బోర్డుకు నమస్కరించమంటారు. గదిలో వానికి ఏ పలకా కనబడదు, బల్ల ఒక్కటే కనబడుతుంది. కనుక బల్లకే నమస్కరిస్తాడు. అదృష్టవశాత్తు ఆ నమస్కారం సరైన దిక్కుకే చేరుతుంది. ఎందుకంటే బలిసిన పెద్దమనుషులు ఆ బల్ల చుట్టూనే కూర్చున్నారు.

ఈ సన్నివేశాన్ని విమర్శకులు హాస్యంగా చూస్తారు. అర్థశాస్త్రం దృష్టితో చూస్తే ఇది వాచ్యార్థానికీ లక్ష్యార్థానికీ మధ్య చిక్కుకున్న శ్రోత కథ. లక్షణను గ్రహించాలంటే ఆ వ్యవస్థతో పరిచయం ఉండాలి. ఆలివర్‌కు ఆ పరిచయం లేదు. వాడు వాచ్యార్థాన్నే పట్టుకున్నాడు, దాని పాత అర్థాన్నే చేరుకున్నాడు. ఇంతకూ వానికి కావలసిన బోర్డు మరొకటి, భోజనం. ఇంకొంచెం గంజి అడిగినందుకు వాణ్ణి శిక్షించినది కూడా ఈ బోర్డే. తిండి పెట్టవలసిన సభకూ, పెట్టవలసిన తిండికీ ఒకే పేరుండడాన్ని డికెన్స్ ఎంతవరకు ఉద్దేశించాడో చెప్పలేము గాని, ఆంగ్ల పాఠకుని చెవికి ఆ వ్యంగ్యం అందుబాటులోనే ఉంది.

4. మన బల్ల ఎందుకు సభ కాలేదు?

తెలుగులో ‘బల్ల’కు పలక, కూర్చునే బెంచీ, రాతబల్ల అన్న అర్థాలున్నాయి. ‘ఉయ్యాలబల్ల’, ‘నల్లబల్ల’, ఏరు దాటించే ‘బల్లకట్టు’ వంటి సమాసాలూ ఉన్నాయి. వస్తువు పరిధిలో ఇది ‘బోర్డు’కు దాదాపు సమానం. కాని బల్ల భోజనం కాలేదు, పాలకవర్గమూ కాలేదు. కారణం భాషలో లేదు, ఇంటి నడవాలో, ఊరి నడుమా ఉంది. మనం నేలపై వరుసగా కూర్చుని ఆకుల్లో తిన్నాం. కనుక భోజనానికి సంబంధించిన లక్షణ ‘పంక్తి’ని ఆశ్రయించింది. ‘బంతి’ దాని తద్భవమే. సహపంక్తి భోజనం అన్న మాట కులవ్యవస్థపై పోరాటంలో ఎంత బరువు మోసిందో చెప్పనక్కరలేదు. ఆంగ్లంలో ఒకే బల్ల వద్ద కూర్చోవడం ఏమిటో తెలుగులో ఒకే పంక్తిలో కూర్చోవడం అది.

ఊరి పెద్దలు కూడా బల్ల చుట్టూ కూర్చోలేదు. రచ్చబండపై, చావడిలో, అరుగులపై కూర్చున్నారు. ‘రచ్చకెక్కడం’ అంటే బహిరంగ వివాదం కావడం. అధికారం రాతి తిన్నెను ఆశ్రయించింది గాని చెక్కపలకను కాదు. ఆసనాన్ని తెలిపే పదాలు అధికారాన్ని తెలపడం మనకూ ఉంది. పీట పీఠమై పీఠాధిపతి దాకా వెళ్ళింది. న్యాయమూర్తుల బెంచీని ధర్మాసనం అంటున్నాం. ‘కొలువు’ రాజు సభలో కూర్చుండడం నుంచి ఉద్యోగం దాకా వచ్చింది. అయితే ఇవన్నీ ఒకడు పైన కూర్చునే ఆసనాలు. బోర్డు నలుగురు ఎదురెదురుగా కూర్చునే బల్ల. ఈ తేడాలోంచి రాజకీయ సిద్ధాంతం లాగడం తొందరపాటే అవుతుంది. ఆలివర్ కథలో బల్ల చుట్టూ కూర్చున్నవారు కూడా ఎదుట నిలబడినవానికి పైవారే కదా. కాని పేరు పెట్టే దృష్టి వేరన్నది మాత్రం గమనించదగినది.

సమూహపాలనకు సంస్కృతం, అరబ్బీ ఇచ్చిన పేర్లు మరొక దృష్టిని చూపుతాయి. ‘పరిషత్తు’ అంటే చుట్టూ కూర్చున్నది. ‘మండలి’ గుండ్రని సమూహం. ‘మజ్లిస్’ కూర్చునే చోటు. వీటిలో సామాను లేదు, కూర్చునే క్రియ, ఆకృతి ఉన్నాయి. ఈ దారిలో అన్నిటికన్నా విచిత్రమైనది పారసీక ‘దీవాన్’. అది లెక్కల పుస్తకం నుంచి ఆలోచనసభగా, తెలుగులో దివాణంగా, మంత్రి హోదాగా మారింది. మరొక దారిలో సభలోని పరుపు ఆసనానికి పేరై, నేడు మన సామాను దుకాణాలలో ‘దివాన్ కాట్’గా అమ్ముడవుతున్నది. బోర్డు సామాను నుంచి సభకు వెళితే దీవాన్ సభ నుంచి సామానుకు వచ్చింది.

5. పాలన వెంట వచ్చిన పదం

తెలుగు ప్రాంతాల వ్యవహారాలలోకి ‘బోర్డు’ ప్రధానంగా పాలకవర్గం అనే అర్థంతో వచ్చింది. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల సభను ‘కోర్టు’ అనేవారు, బోర్డు అనేవారు కాదు. 1784 నాటి పిట్ చట్టం ఆ కోర్టుపై పర్యవేక్షణకు లండనులో ‘నియంత్రణ బోర్డు’ను నియమించింది. 1786లో మద్రాసులో రెవెన్యూ బోర్డు ఏర్పడింది. ఉత్తర సర్కారులలో చీఫ్, కౌన్సిల్ పద్ధతి 1794లో రద్దయి, కలెక్టర్లు నేరుగా ఈ బోర్డు కిందికి వచ్చారు. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దాలలో గ్రామాన్ని గుత్తకు ఇవ్వాలన్న బోర్డుకూ, రైతుతో నేరుగా ఒప్పందం చేసుకోవాలన్న మన్రోకూ జరిగిన వివాదం దత్తమండలం రైతు జీవితాన్ని తాకింది. కలెక్టరుపై అప్పీలు వెళ్ళే చోటుగా బోర్డు రైతుకు తెలిసిన అధికారం.

మన భాషాచరిత్రలో కూడా ఒక బోర్డు ఉంది. 1812లో ప్రారంభమైన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలను పర్యవేక్షించే బోర్డులో ఎల్లిస్ ప్రముఖుడు, దాని కార్యదర్శి ఎ.డి. క్యాంప్‌బెల్. 1816లో వెలువడిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ రాసిన ఉపోద్ఘాతంలోనే తెలుగు సంస్కృతజన్యం కాదన్న వాదం మొదట అచ్చులోకి వచ్చింది. ఈ పదానికి మనం ఈ మాత్రం ఋణపడి ఉన్నాం.

నైజాం పాలనలోని తెలంగాణలో కథ వేరు. మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలలో భాగంగా 1864లో ఏర్పడిన రెవెన్యూ బోర్డుకు ‘మజ్లిసె మాల్గుజారీ’ అని పేరు. వ్యవస్థ బ్రిటిష్ నమూనా నుంచి వచ్చినా పేరు రాజ్యభాష సంప్రదాయం నుంచి వచ్చింది. ఒకే తెలుగు జాతి రెండు పాలనల కింద ఒకే తరహా వ్యవస్థను ఒకచోట పలకగా, మరొకచోట కూర్చుండే తావుగా విన్నది.

కోస్తా, రాయలసీమలలో పదం పల్లెల దాకా చేరడానికి స్థానిక పాలన తోడ్పడింది. 1871 స్థానిక నిధుల చట్టం, 1884 స్థానిక బోర్డుల చట్టం, 1920 చట్టం వరుసగా జిల్లా బోర్డు, తాలూకా బోర్డు అనే మాటలను పరిచయం చేశాయి. మొదట కలెక్టరే జిల్లా బోర్డు అధ్యక్షుడు. తరువాత ఎన్నికైనవారు ఆ స్థానానికి వచ్చారు. రోడ్లు, ఆసుపత్రులు, బడులు వీటి పరిధిలోవి కనుక ‘బోర్డు హైస్కూలు’ అన్న మాట రెండు మూడు తరాల తెలుగువారి ఆత్మకథలలో సహజంగా దొర్లుతుంది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం రావడంతో జిల్లా బోర్డులు పోయాయి. బోర్డు హైస్కూలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అయింది. పేరు మార్చినవారు ఉద్దేశించారో లేదో గాని, చెక్కపలక పోయి ‘చుట్టూ కూర్చున్న’ సభ వచ్చింది.

రెవెన్యూ బోర్డు మరి కొంతకాలం నిలిచింది. దాని స్థానంలో కమిషనర్లను నియమిస్తూ 1977లో చట్టం వచ్చింది. అయినా ప్రభుత్వ భూమి కేటాయింపుల ప్రసక్తి వస్తే రెవెన్యూ ఉద్యోగులు నేటికీ ‘బి.ఎస్.ఓ. 15’ అంటారు. ఆ అక్షరాల్లో ‘బి’ బోర్డుకు గుర్తు. వ్యవస్థ పోయాక కూడా దాని ఉత్తర్వుల పేరులో పదం బతికి ఉంది.

6. పేరు పలక, తిప్పేసిన బోర్డు

పాలకవర్గం తరువాత తెలుగులో బలపడిన అర్థం రాత కోసం నిలిపిన పలక. బ్లాక్‌బోర్డు, నోటీసు బోర్డు, నేమ్‌బోర్డు, బస్సు నెత్తిన ఊరి పేరు చెప్పే బోర్డు దీనికి ఉదాహరణలు. వీటిలో బ్లాక్‌బోర్డుకు మాత్రమే ‘నల్లబల్ల’ అనే సమానార్థకం కొంతవరకు నిలిచింది. దుకాణాల పేర్లు తెలుగులో ఉండాలన్న న్యాయమైన కోరికను కూడా ‘తెలుగు బోర్డులు’ అన్న మాటతోనే వ్యక్తం చేయవలసి రావడం భాషాభిమానులకు కొంత ఇబ్బందికరమే. నాకు మాత్రం అందులో లోపమేమీ కనబడదు. ఉకారాంతమై, మూర్ధన్య డకారంతో, బోర్డులు, బోర్డుకు, బోర్డువాళ్ళు అని తెలుగు విభక్తులన్నీ పొందిన పదం ఇప్పుడు తెలుగుదే. ప్రామాణిక బ్రిటిష్ ఉచ్చారణలో వినబడని రేఫను కూడా మనం నిలబెట్టాం.

అర్థాలు కలగాపులగం కాకుండా తెలుగు చేసిన ఏర్పాటు క్రియలలో ఉంది. బోర్డు ‘వేశారు’ అంటే సభ్యులను నియమించారు. బోర్డు ‘కట్టారు’ అంటే పలక తగిలించారు. బోర్డు ‘పడింది’ అంటే సినిమాహాలు నిండింది. బోర్డు ‘తిప్పేశారు’ అంటే జనం డబ్బుతో ఉడాయించారు. ఈ చివరి ప్రయోగం ఆంగ్లంలో లేదు. పూర్తిగా తెలుగువాడి సృష్టి. కళ్ళముందు కనిపించేది ఒక దృశ్యం. నిన్నటిదాకా వీధివైపు చూసిన పేరు పలక ఈవేళ గోడవైపు తిరిగింది. చిట్టీలు, డిపాజిట్లు, ఉద్యోగాల పేరిట మోసపోయినవారి అనుభవం పదేపదే పునరావృతమైతే తప్ప ఇటువంటి జాతీయం స్థిరపడదు. ఆంగ్లంలో నిజాయితీని తెలిపే ‘ఎబవ్ బోర్డ్’ అనే జాతీయం పేకాటలో చేతులు బల్లపైన కనబడేలా ఉంచడం నుంచి వచ్చింది. అక్కడ బోర్డు నమ్మకానికి కొలత, ఇక్కడ నమ్మకద్రోహానికి గుర్తు.

ఇక కీబోర్డు, డ్యాష్‌బోర్డు, స్విచ్‌బోర్డు వంటివి సమాసాలుగానే వచ్చినవి. వీటిలో డ్యాష్‌బోర్డు ఒక్కటే ఆగి చూడదగినది. గుర్రపుబండి తోలేవానిపై గుర్రం డెక్కల నుంచి బురద చిందకుండా ముందు బిగించిన చెక్క అది. గుర్రం పోయింది, బురద పోయింది, చెక్క పోయింది. పేరు కారులోకి, అక్కడి నుంచి అధికారులు గణాంకాలు చూసే కంప్యూటర్ తెరపైకి వచ్చింది. కప్పులు పెట్టే పలక అయిన ‘కప్‌బోర్డ్’ తెలుగులో ‘కబోర్డు’ అయి, బోర్డుతో బంధుత్వం కూడా మరచిపోయింది.

7. పసుపు బోర్డు: కోరికగా మారిన పదం

స్వాతంత్ర్యానంతరం ‘బోర్డు’కు మరొక ఛాయ వచ్చింది. విద్యుత్ బోర్డు, సెన్సార్ బోర్డు, ఇంటర్మీడియట్ బోర్డు వంటి పేర్లతో అది శాసనబద్ధమైన ప్రభుత్వ సంస్థకు గుర్తైంది. ప్రజల వాడుక చట్టంకన్నా మొండిది. 1983లో సినిమా సంస్థ పేరులో ‘సెన్సార్’ పోయి ‘సర్టిఫికేషన్’ వచ్చినా మనకది సెన్సార్ బోర్డే. 1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డు వేర్వేరు సంస్థలుగా విడిపోయినా ‘కరెంటు బోర్డు’ అన్న మాట వెంటనే పోలేదు.

గుంటూరు కేంద్రంగా 1976లో పొగాకు బోర్డు ఏర్పడిన తరువాత, పంట పేరు ముందు చేరిన బోర్డు రైతుకు ధర, కొనుగోలు, గుర్తింపు అనే మూడింటి హామీగా వినబడసాగింది. నిజామాబాదు పసుపు రైతుల ఉద్యమాన్ని ఈ కోణంలో చూడాలి. 2019 లోక్‌సభ ఎన్నికలలో ఆ నియోజకవర్గంలో 185 మంది పోటీలో నిలిచారు. వారిలో అత్యధికులు రైతులు. పసుపు బోర్డు, మద్దతు ధర వారి ప్రధాన కోరికలు. మధ్యలో సుగంధద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం వచ్చినా కోరిక ఆగలేదు. ‘కార్యాలయం’ ‘బోర్డు’ కాదని రైతులు అర్థశాస్త్రజ్ఞులంత కచ్చితంగా తేడా చూపారు. 2023లో ప్రకటితమై 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. అది పసుపు ధరను ఎంతవరకు నిలబెడుతుందన్నది ఆర్థికవేత్తల ప్రశ్న. ఒక ఆంగ్లపదం తెలుగు రైతు నోట హక్కుకు పర్యాయపదమైందన్నది మాత్రం భాషాచరిత్రకు సంబంధించిన విషయం. దీన్ని ‘పసుపు మండలి’ అని అనువదించి ఉంటే నినాదం నిలిచేదా అన్నది అనుమానమే.

8. నిఘంటుకారుని ముందున్న పని

‘మండలి’ సమస్య ఇక్కడే వస్తుంది. మంత్రిమండలిలో అది కేబినెట్, శాసనమండలిలో కౌన్సిల్, ధర్మకర్తల మండలిలో బోర్డు. తిరుమల వార్తలలో ‘టీటీడీ బోర్డు’, ‘పాలకమండలి’, ‘ధర్మకర్తల మండలి’ ఒకే రోజు ఒకే సంస్థకు చెల్లుతాయి. చట్టాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇది శైలీభేదంగా మిగలదు. నదీజలాల పంపకంలో 2014 పునర్విభజన చట్టం నిర్దేశించిన కృష్ణా, గోదావరి బోర్డుల అధికారాలు వేరు, అదే చట్టంలోని అత్యున్నత మండలి అధికారాలు వేరు. రెంటినీ ‘మండలి’ అంటే తేడా చెరిగిపోతుంది. ఇటువంటి చోట ‘బోర్డు’ను అలాగే ఉంచడమే స్పష్టతకు మేలు.

ఆంగ్ల నిఘంటువు చెక్కపలకతో మొదలుపెడుతుంది. అది దాని చరిత్రకు తగినదే. తెలుగు నిఘంటువు ఆ క్రమాన్నే అనుసరిస్తే చారిత్రకంగా తప్పవుతుంది. తెలుగువాడు కొయ్యపలకను చెక్క, బల్ల, పలక అంటాడు గాని బోర్డు అనడు. ప్లైవుడ్ వ్యాపారంలో వినబడే వాడుక ఇటీవలిది. కనుక తెలుగు ఆరోపంలో ‘శాసనబద్ధమైన పాలకవర్గం’ మొదటి అర్థంగా, ‘రాత కోసం నిలిపిన పలక’ రెండవదిగా, ఆట, విద్యుత్ సామగ్రికి సంబంధించిన ఆధారఫలకం మూడవదిగా ఉండాలి. ‘బోర్డు పరీక్షలు’ మొదటి అర్థం కిందనే చేరుతుంది. ‘బోర్డు తిప్పేయు’ను జాతీయంగా ప్రత్యేకంగా చూపాలి.

‘బోర్డింగ్’కు మాత్రం రెండు ఆరోపాలు అవసరం. మిషనరీ పాఠశాలల ద్వారా వచ్చిన ‘బోర్డింగ్ స్కూలు’లోనిది భోజనపు బల్ల. విమానాశ్రయంలోని ‘బోర్డింగ్ పాస్’లోనిది ఓడ అంచు. ఇంగ్లండులో వెయ్యేళ్ళ క్రితం ఒకటైపోయిన రెండు పదాలు తెలుగులో మళ్ళీ విడిపోయి, ఒకటి హాస్టలు పక్కన, మరొకటి టికెట్టు పక్కన నిలిచాయి.